పసిబిడ్డ మూలిగితే నిద్ర లేచినట్టు కాదు

మా పెద్దవాడు పుట్టిన తొమ్మిదో రోజు. రాత్రి 2:40. తొట్టిలోంచి "ఊఁ... ఊఁహ్..." అని మూలుగు వినిపించింది. ఒక్క ఉదుటున లేచి, చీకట్లో మంచం కోడుకి కాలు కొట్టుకుని, వెళ్లి వాణ్ని ఎత్తుకున్నాను. ఎత్తగానే వాడు కళ్లు తెరిచి నా మొహం చూశాడు. ఆ తర్వాత గంటా పది నిమిషాలు గుక్కపట్టి ఏడ్చాడు.

మా ఆవిడ దిండు మీద నుంచి తల ఎత్తకుండానే అడిగింది.

"ఏడ్చాడా?"

"లేదు, మూలిగాడు."

"మూలిగితే లేచినట్టా?"

ఆ ప్రశ్నకి జవాబు తెలుసుకోవడానికి నాకు నెల పైనే పట్టింది. ఈలోగా నిద్రపోతున్న పిల్లాణ్ని నేనే లేపి, వీడు నిద్రపోవడం లేదని నేనే ఎన్నిసార్లు వాపోయానో! రెండేళ్ల తర్వాత పాప పుట్టినప్పుడు ఆ తప్పు చేయలేదు. వేరే తప్పులు చేశాను, అవీ చెప్తాను.

నేను డాక్టర్ని కాదు, అకౌంట్లు రాసుకునే మనిషిని. ఏదైనా అర్థం కాకపోతే గళ్లు గీసి నింపడం నాకు అలవాటు. అందుకే ఇద్దరికీ చెరో గళ్ల నోటుబుక్కు పెట్టాను. పావుగంటకి ఒక గడి, రోజుకి 96 గళ్లు. నిద్రపోతే పెన్సిలుతో నింపడం, పాలు తాగితే చుక్క పెట్టడం, అంతే. ఇక్కడ రాసేది ఆ రెండు పుస్తకాల్లో చూసింది, మా పిల్లల డాక్టరుగారిని విసిగించి అడిగి తెలుసుకుంది.

నిద్రలో అంత గోల ఎందుకు

పసిబిడ్డ నిద్ర రెండు రకాలు. ఒకటి నిశ్శబ్ద నిద్ర. బిడ్డ కదలదు, ఊపిరి గడియారంలా ఒకే లయలో నడుస్తుంది, మొహం మైనం ముద్దలా ఉంటుంది. రెండోది చురుకు నిద్ర. మమ్మల్ని మోసం చేసింది ఇదే.

చురుకు నిద్రలో ఉన్న బిడ్డని ఒక్కసారి తీరిగ్గా కూర్చుని చూడండి. మూసిన రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరుగెడుతుంటాయి. పెదాలు పాలు తాగుతున్నట్టు చప్పరిస్తాయి. నుదురు ముడుచుకుంటుంది, మరుక్షణం నవ్వు వస్తుంది, అది పూర్తికాకముందే ఏడవబోతున్నట్టు కింది పెదవి బయటికొస్తుంది. చెయ్యి గాల్లోకి లేచి కాసేపు ఆగి పడిపోతుంది. ఊపిరి వేగంగా నాలుగుసార్లు, తర్వాత నెమ్మదిగా ఒకటి. మూలుగులు, గురగురలు, ఒక్కోసారి చిన్న కేక కూడా. మా పాప అయితే కళ్లు సగం తెరిచేది కూడా, లోపల తెల్లగుడ్డు కనిపించేలా. మొదటిసారి చూసినప్పుడు నాకు చెమటలు పట్టాయి. అది కూడా నిద్రే.

పెద్దవాళ్ల నిద్రలో ఇలాంటి భాగం పావు వంతు ఉంటుంది. అప్పుడే పుట్టిన బిడ్డ నిద్రలో అది దాదాపు సగం. 1953లో యూజీన్ అసెరిన్‌స్కీ, నథానియెల్ క్లీట్‌మన్ అనే ఇద్దరు శికాగో విశ్వవిద్యాలయంలో నిద్రలో కళ్లు కదిలే ఈ దశ గురించి ప్రపంచానికి చెప్పారు. అసెరిన్‌స్కీ అంతకుముందు గంటలకొద్దీ కూర్చుని చూసింది పసిపిల్లల కళ్లనేనట. ఆ సంగతి తెలిశాక, అర్ధరాత్రి తొట్టి పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న మొదటి పిచ్చివాణ్ని నేను కాదని ధైర్యం వచ్చింది.

ఇంకో తేడా ఉంది. మన నిద్రలో ఒక చుట్టు పూర్తవడానికి సుమారు గంటన్నర పడుతుంది. వాళ్లకి 50 నుంచి 60 నిమిషాలే. చుట్టు మారే చోట నిద్ర పల్చబడుతుంది. ఆ కాస్త సమయంలో మూలిగి, మెలికలు తిరిగి, మళ్లీ వాళ్లంతట వాళ్లే నిద్రలోకి జారుకోగలరు, మనం చెయ్యి పెట్టకపోతే. నేను ఎప్పుడూ సరిగ్గా అక్కడే చెయ్యి పెట్టేవాణ్ని.

అందుకని పాప విషయంలో ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూలుగు వినబడగానే లేచి తొట్టి దగ్గరికి వెళ్లడం. వెళ్లి ముట్టుకోకుండా నిలబడటం. మనసులో నూట ఇరవై వరకు లెక్కపెట్టడం. ఈలోగా కళ్లు చూడాలి, చేతులు చూడాలి. కళ్లు మూసే ఉండి, మూలుగు పెరగకుండా ఉంటే అది నిద్ర. కళ్లు పూర్తిగా తెరిచి తల తిప్పుతూ వెతుకుతుంటే, పిడికిలి నోట్లో పెట్టుకుంటుంటే ఆకలి, ఇక లెక్క ఆపేసి ఎత్తుకోవాలి. నిజంగా ఏడుస్తున్న బిడ్డని లెక్క పూర్తికావాలని వదిలేయమని కాదు. ఈ నూట ఇరవై మూలుగుకి మాత్రమే. చాలాసార్లు అరవై దాటకుండానే నిద్రలోకి జారిపోయేది. నేను మాత్రం కాసేపు అక్కడే నిలబడేవాణ్ని, నమ్మకం కుదరక.

ఎన్ని గంటలు

మూడు నెలల్లోపు పిల్లలకి రోజుకి 14 నుంచి 17 గంటల నిద్ర కావాలని అమెరికాలోని నేషనల్ స్లీప్ ఫౌండేషన్ 2015లో చెప్పింది. 11 నుంచి 19 గంటల మధ్య ఎక్కడున్నా కొందరు పిల్లలకి అది సరిపోవచ్చని కూడా అదే చెప్పింది. ఆ మరుసటి ఏడు నిద్ర వైద్యుల సంఘం ఒకటి వయసులవారీగా గంటలు ప్రకటిస్తూ, నాలుగు నెలల్లోపు పిల్లలకి మాత్రం అంకె ఇవ్వకుండా వదిలేసింది. ఆ వయసులో బిడ్డకీ బిడ్డకీ తేడా అంత ఎక్కువ మరి.

నా నోటుబుక్కుల్లోనూ అదే కనిపించింది. మావాడు రోజుకి పదమూడు గంటలు దాటేవాడు కాదు. పాప ఇంచుమించు పదిహేడు. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే తొట్టి. మావాడి లెక్క చూసి టెన్షన్ పడి డాక్టరుగారి ముందు పుస్తకం తెరిచి పెట్టాను. ఆయన నా గళ్ల వంక ఒక్క చూపు చూసి, బిడ్డని తూకం వేశారు. బరువు పెరుగుతోందా, రోజుకి ఎన్ని డైపర్లు తడుస్తున్నాయి, మెలకువగా ఉన్నప్పుడు చురుగ్గా చూస్తున్నాడా అని మూడు ప్రశ్నలు అడిగారు. మూడూ బాగానే ఉన్నాయి. "నిద్ర తక్కువైంది వాడికి కాదు, మీకు" అని పంపేశారు.

ఆ గంటలన్నీ ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఒక ముక్క అరగంట ఉండొచ్చు, ఇంకోటి మూడు గంటలు. మొదటి వారాల్లో ఒక్కసారి మెలకువ అంటే ముప్పావు గంట, మహా అయితే గంట, పాలు తాగే సమయంతో కలిపి. అంతకన్నా ఎక్కువసేపు మేలుకుని ఉంటే రాత్రి బాగా పడుకుంటుందనుకోవడం పెద్దవాళ్ల లెక్క. పసిబిడ్డ బాగా అలిసిపోతే నిద్రపోదు, ఏడుస్తుంది.

పగలు రాత్రి తారుమారు

మాకు పాపతో మూడో వారంలో వచ్చింది ఈ బాధ. పగలంతా ఎంత చప్పుడైనా కదలకుండా పడుకునేది. రాత్రి పదకొండు కొట్టగానే పెద్ద పెద్ద కళ్లేసుకుని చూసేది.

ఇందులో బిడ్డ తప్పేమీ లేదు, పగలు రాత్రి తేడా చెప్పే గడియారం లోపల ఇంకా నడవడం మొదలుపెట్టలేదు. కడుపులో ఉన్నప్పుడు తల్లి శరీరంలో తయారయ్యే మెలటోనిన్ మాయ ద్వారా బిడ్డకి అందుతుంది. చీకటి పడిందని శరీరానికి కబురు చెప్పే హార్మోను అది. పుట్టాక ఆ సరఫరా ఆగిపోతుంది. సొంతంగా రాత్రిపూట లయ ప్రకారం తయారుచేసుకోవడం రెండు మూడు నెలల వయసులో గాని మొదలవదు. రాత్రి తల్లిపాలలో మెలటోనిన్ ఉంటుంది, పగటి పాలలో దాదాపు ఉండదు. గడియారం లేని బిడ్డకి తల్లి కొంత కబురు అలా పంపుతూనే ఉంటుంది.

మనం చేయగలిగింది రెండే. పగలు పగలులా ఉంచడం, రాత్రి రాత్రిలా ఉంచడం. పొద్దున లేవగానే కర్టెన్లు తీసేసి, ఎండ నేరుగా పడకుండా వెలుతురు ఉన్నచోట పాలు పట్టండి. పగటి నిద్రకి గది చీకటి చేయక్కర్లేదు, ఇంట్లో అందరూ గుసగుసలాడక్కర్లేదు. రాత్రి మాత్రం మసక దీపం ఒక్కటే. మాటల్లేవు, ఆటల్లేవు, డైపర్ పాడైతేనే మార్చడం. మొదట్లో నేను రాత్రి డైపర్ మార్చడానికి ఫోన్ టార్చ్ వేసి, పనిలో పనిగా "ఏంటమ్మా, ఏంటి కబుర్లు" అని పలకరించేవాణ్ని. కబుర్లు చెప్పడానికి తెల్లవార్లూ మేలుకునేది మరి. టార్చ్ మానేసి, నోరు మూసుకున్నాక రెండు వారాలకి మార్పు కనిపించింది. నా గొప్పా, దాని వయసా అంటే, వయసుదే ఎక్కువ వాటా అనుకుంటాను.

లేపి పాలు పట్టాల్సిన రోజులు

మావాడు నాలుగో రోజు ఏకబిగిన ఐదు గంటలు పడుకున్నాడు. మేమిద్దరం పొంగిపోయాం, ఎంత మంచి పిల్లాడో అని. మర్నాడు చెకప్‌లో డాక్టరుగారు గట్టిగా చీవాట్లు పెట్టారు. ఒంట్లో పచ్చదనం పెరిగింది, బరువు తగ్గింది. కామెర్లున్న పసిబిడ్డ మత్తుగా ఉంటుంది, మత్తుగా ఉంటే పాలు తాగదు, పాలు తాగకపోతే పచ్చదనం ఇంకా పెరుగుతుంది. మేము మంచి నిద్ర అనుకున్నది ఇదన్నమాట.

పుట్టిన మొదటి రోజుల్లో బిడ్డ కాస్త బరువు తగ్గడం మామూలే. పుట్టినప్పటి బరువులో పదో వంతు దాకా తగ్గితే మాత్రం డాక్టర్లు జాగ్రత్తగా చూస్తారు. పది నుంచి పద్నాలుగు రోజుల్లో ఆ బరువు మళ్లీ రావాలి. అది వచ్చేదాకా నిద్రపోతోంది కదా అని వదలకూడదు, మూడు గంటలకోసారి లేపి పాలు పట్టాలి. రోజు మొత్తం మీద 8 నుంచి 12 సార్లు. బరువు వచ్చేసి, ఇక లేపక్కర్లేదని డాక్టరు చెప్పాక రాత్రిపూట వాళ్లంతట వాళ్లు లేచేదాకా ఆగొచ్చు.

నిద్రమత్తులో ఉన్న బిడ్డని లేపడం కూడా ఒక విద్యే. మీద కప్పింది తీసేయండి. డైపర్ మార్చండి. అరికాళ్లు నెమ్మదిగా రుద్దండి, వీపు నిమరండి. చురుకు నిద్రలో ఉన్నప్పుడైతే తేలిగ్గా లేస్తుంది, నిశ్శబ్ద నిద్రలో ఉంటే పది నిమిషాలు ఆగి ప్రయత్నించడం మేలు. తాగుతూ తాగుతూ మధ్యలో నిద్రపోతే రొమ్ము మార్చి చూడమని మా అత్తగారు చెప్పారు, అది బాగా పనిచేసింది.

సాయంత్రాలు కొందరు పిల్లలు గంటకోసారి, అరగంటకోసారి పాలడుగుతారు. పాలు సరిపోవడం లేదని తల్లి బెంగ పెట్టుకుంటుంది. బరువు పెరుగుతూ డైపర్లు తడుస్తుంటే అది మామూలే.

పడుకోబెట్టడం

ఏడుపు మొదలయ్యాక నిద్రపుచ్చడం కష్టం, దానికి ముందే పట్టుకోవాలి. మా పాపకి నిద్ర వస్తే ముందు కనుబొమల దగ్గర ఎర్రబడేది. తర్వాత గోడ వంక శూన్యంగా చూసేది. ఆవులింత మూడో గుర్తు, అప్పటికే ఆలస్యం. మీ బిడ్డకి వేరే గుర్తులుండొచ్చు, నాలుగు రోజులు గమనిస్తే దొరుకుతాయి.

చేతుల్లో నిద్రపోయిన బిడ్డ తొట్టిలో పెట్టగానే లేవడం అందరి కథే. కారణం ఇందాక చెప్పిన చురుకు నిద్రే. మనం ముందు నిశ్శబ్ద నిద్రలోకి వెళ్తాం, పసిబిడ్డ ముందు చురుకు నిద్రలోకి వెళ్తుంది. కళ్లు మూసుకోగానే పెడితే తేలిపోతుంది. ఏడుస్తున్న బిడ్డని ఎత్తుకుని ఐదు నిమిషాలు నడిచి, నిద్రపోయాక ఇంకో ఐదు నుంచి ఎనిమిది నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చుని, అప్పుడు పడుకోబెడితే లేవకుండా ఉండే అవకాశం ఎక్కువని జపాన్‌లోని రికెన్ సంస్థ పరిశోధకులు 2022లో రాశారు. వాళ్లు చూసింది ఇరవై ఒక్క మంది పిల్లలనే, కాబట్టి శిలాశాసనం కాదు. మా ఇంట్లో మూడింట రెండుసార్లు పనిచేసింది. నా పరీక్ష ఇంకోటి: బిడ్డ చెయ్యి కాస్త ఎత్తి వదిలితే తడిగుడ్డలా పడాలి. మోచెయ్యి బిగుసుకుంటే ఇంకా టైముందని అర్థం.

పెట్టేటప్పుడు ముందు పిరుదులు, తర్వాత వీపు, చివర తల. తల ముందు వాలితే పడిపోతున్నట్టు ఉలిక్కిపడి రెండు చేతులూ బార్లా చాపుతుంది. ఆ ఉలికిపాటు పుట్టుకతో వచ్చేది, కొన్ని నెలల్లో దానంతట అదే పోతుంది. పెట్టాక ఛాతీ మీద చెయ్యి ఒక నిమిషం అలాగే ఉంచి, ఒక్కొక్క వేలు తీయాలి. నవ్వుకోండి గానీ, నేను అలాగే తీసేవాణ్ని.

పొత్తిళ్లలో చుడితే ఉలికిపాటు తగ్గుతుంది. ఛాతీ దగ్గర మరీ బిగించకూడదు, నడుము కింద కాళ్లు కప్పలా మడుచుకునేంత వదులుండాలి, చుట్టిన బిడ్డ ఎప్పుడూ వెల్లకిలానే ఉండాలి. బోర్లా పడే ప్రయత్నం మొదలుపెట్టిన రోజు నుంచి చుట్టడం బంద్. లోపల బరువులు కుట్టిన రకాలు అసలు వద్దు.

ఎత్తుకుంటే అలవాటైపోతుందని అందరూ అంటారు. రెండు నెలల బిడ్డకి అంత రాజకీయం తెలియదు. ఏడిస్తే ఎత్తుకోండి.

ఇక్కడ మాత్రం రాజీ లేదు

పైన చెప్పినవాటిలో మీకు నచ్చింది చేయండి, నచ్చంది మానేయండి. ఇప్పుడు చెప్పేది అలాంటిది కాదు.

పగలైనా, రాత్రైనా, పది నిమిషాల కునుకైనా బిడ్డ వెల్లకిలా పడుకోవాలి. పరుపు చదునుగా, గట్టిగా ఉండాలి. తొట్టిలో బిడ్డ తప్ప ఇంకేమీ ఉండకూడదు. దిండు వద్దు, దుప్పటి వద్దు, బొమ్మ వద్దు, అంచులకి కట్టే మెత్తలు వద్దు. ఏటవాలుగా ఉండేవి, మధ్యకి కుంగే ఊయలలు నిద్రకి పనికిరావు. పసిబిడ్డ మెడకి బలం ఉండదు, గడ్డం ఛాతీకి ఆనితే గాలి దారి మూసుకుపోతుంది. కారు సీటులో నిద్రపోయినా ఇంటికి రాగానే తీసి చదునైన చోట పడుకోబెట్టాలి.

"వెల్లకిలా ఉన్నప్పుడు పాలు కక్కితే పొలమారదా బాబూ?" అని మా అత్తగారు అడిగారు. న్యాయమైన ప్రశ్నే, నేనూ డాక్టరుగారిని అదే అడిగాను. ఆయన కాగితం మీద రెండు గొట్టాలు గీశారు. వెల్లకిలా పడుకున్నప్పుడు గాలి గొట్టం పైన, ఆహార గొట్టం కింద ఉంటాయి. కక్కిన పాలు పైకెక్కి గాలి గొట్టంలోకి పోవడం కష్టం. బోర్లా తిప్పితే ఆ రెండూ తారుమారవుతాయి, కక్కింది నేరుగా గాలి గొట్టం గుమ్మంలోకే వస్తుంది. ఆ కాగితం చాలా రోజులు తొట్టి పైన గోడకి అంటించి ఉంచాం. ఆవిడ ఇక మళ్లీ అడగలేదు.

ఒకప్పుడు బోర్లా పడుకోబెట్టమనే డాక్టర్లే చెప్పేవారు. బ్రిటన్‌లో 1991లో, అమెరికాలో 1994లో వెల్లకిలా పడుకోబెట్టమని ప్రచారం మొదలయ్యాక, కారణం తెలియకుండా నిద్రలో చనిపోయే పసిపిల్లల సంఖ్య అమెరికాలో సగానికి పైగా తగ్గింది. ఈ ప్రమాదం ఒకటి నుంచి నాలుగు నెలల మధ్య ఎక్కువ. తొట్టి మీ గదిలోనే, చేతికి అందే దూరంలో, కనీసం ఆరు నెలలు ఉండాలని పిల్లల వైద్యులు చెప్తారు. బిడ్డ ఉన్న ఇంట్లో పొగ తాగడం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది, కాబట్టి ఆ ఇంట్లో ఎవరూ తాగకూడదు. ఒళ్లు మరీ వెచ్చబడకూడదు. చేతులు కాళ్లు చల్లగా ఉన్నాయని ఇంకో పొర వేయకండి, మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. అక్కడ చెమట పట్టి ఉంటే ఒక పొర తీసేయాలి. ఇంట్లో నిద్రపోయే బిడ్డకి టోపీ అక్కర్లేదు.

ఇప్పుడు నేను చేసిన వేరే తప్పు. పాపకి ఐదో వారం. తెల్లవారుజామున నాలుగింటికి మా ఆవిడని లేపడం ఇష్టంలేక పాపని ఎత్తుకుని సోఫాలో కూర్చున్నాను. ఒక్క నిమిషం కళ్లు మూశాననుకున్నాను. మెలకువ వచ్చేసరికి గడియారంలో 4:50. పాప నా చేతుల్లో లేదు. నా నడుముకీ సోఫా చేతికీ మధ్య సందులోకి జారి ఉంది, మొహం సోఫా గుడ్డ వైపు తిరిగి. లాగి ఎత్తుకుంటే చిన్నగా తుమ్మింది. ఏమీ కాలేదు. నాకు మాత్రం ఆ తర్వాత చాలాసేపు చేతులు వణుకుతూనే ఉన్నాయి.

బిడ్డతో కలిసి సోఫాలోగాని, వాలు కుర్చీలోగాని నిద్రపోవడం అన్నిటికన్నా ప్రమాదం. నిద్ర ముంచుకొస్తోందని అనిపిస్తే సోఫా వైపు వెళ్లకండి. బిడ్డని తొట్టిలో పెట్టండి, ఏడ్చినా సరే. లేదా ఇంకొకరిని లేపండి. నాలా మొహమాటపడకండి.

మీ నిద్ర సంగతి

ఆ సోఫా సంగతి జరిగాక మా ఆవిడా నేనూ కూర్చుని రాత్రిని రెండు షిఫ్టులు చేసుకున్నాం. రాత్రి తొమ్మిది నుంచి రెండు దాకా నాది, రెండు నుంచి ఏడు దాకా తనది. నా షిఫ్టులో పాప ఆకలితో లేస్తే తీసుకెళ్లి తన పక్కన పెట్టేవాణ్ని, తాగాక తెచ్చి త్రేన్పించి డైపర్ మార్చి పడుకోబెట్టేవాణ్ని. తను సగం నిద్రలోనే పాలిచ్చేది. మా ఇద్దరికైతే ముక్కలుగా వచ్చిన ఎనిమిది గంటలకన్నా ఏకంగా వచ్చిన నాలుగు గంటలే మనిషిని మనిషిలా ఉంచాయి.

ఆరో వారం దగ్గర ఏడుపు పతాక స్థాయికి చేరుతుంది. బెరీ బ్రేజెల్టన్ అనే అమెరికా పిల్లల డాక్టరు 1962లో రాసిన లెక్క ప్రకారం ఆరు వారాల పిల్లలు రోజుకి రెండుముప్పావు గంటలు ఏడ్చారు, అదీ సాయంత్రాలే ఎక్కువ. ఆ తర్వాత తగ్గుతూ వస్తుంది. ఏం చేసినా ఆగని ఏడుపుకి ఒళ్లు మండిపోయే క్షణం ఎంత నెమ్మదస్తుడికైనా వస్తుంది. అప్పుడు బిడ్డని తొట్టిలో వెల్లకిలా పెట్టి, తలుపు దగ్గరగా వేసి, పక్క గదికి వెళ్లి ఐదు నిమిషాలు నీళ్లు తాగి రండి. ఐదు నిమిషాలు ఏడిస్తే బిడ్డకి ఏమీ కాదు. పసిబిడ్డని గట్టిగా కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావం జరగొచ్చు.

బిడ్డ పడుకున్నప్పుడు కూడా తల్లికి నిద్ర పట్టకపోయినా, రెండు వారాలుగా దిగులు వదలకపోయినా, బిడ్డకో తనకో ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన వచ్చినా అది అలసట కాదు. డాక్టరుకి చెప్పాల్సిన విషయం, ఆఖరి ఆలోచన వస్తే ఆ రోజే. తండ్రులకీ ఇది వస్తుంది.

నిద్ర కానిది

పసిబిడ్డ ఊపిరి ఐదు, పది సెకన్లు ఆగి మళ్లీ మొదలవడం మామూలే. ఇరవై సెకన్లు ఆగినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నిద్రలో నిమిషానికి ఊపిరి అరవై దాటుతున్నా, డొక్కలు ఎగరేస్తున్నా అంతే. ఊపిరి లెక్కపెట్టేటప్పుడు పూర్తి నిమిషం లెక్కపెట్టండి, పసిపిల్లల ఊపిరి లయ ఒక్కలా ఉండదు కాబట్టి పావు నిమిషం లెక్క తప్పొస్తుంది.

ఎంత లేపినా లేవకపోవడం, లేచినా చేతులు వేలాడేయడం, రెండుసార్లు వరసగా పాలు వద్దనడం, ఐదో రోజు దాటాక రోజుకి ఆరు డైపర్లకన్నా తక్కువ తడవడం, మాడు గుంటపడటం మంచి గుర్తులు కావు. మూడు నెలల్లోపు బిడ్డకి ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్ వస్తే మందు వేసి చూద్దామనుకోకండి. అర్ధరాత్రైనా డాక్టరు దగ్గరికే.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ అయితే ఈ వారాల లెక్కలన్నీ పుట్టిన తేదీ నుంచి కాకుండా కాన్పు అవ్వాల్సిన తేదీ నుంచి వేసుకోండి. మా పాప నెలలు నిండే పుట్టింది. దాని నోటుబుక్కులో మొదటి ఆరు వారాల పేజీలు చదరంగం బల్లల్లా ఉంటాయి, ఒక నల్ల గడి, ఒక తెల్ల గడి. ఏడో వారం నుంచి నలుపు మెల్లగా పేజీలో రాత్రి వైపుకి జరగడం కనిపిస్తుంది. 71వ రోజు పేజీలో రాత్రి 10:15 నుంచి 3:30 దాకా వరసగా ఇరవై ఒక్క గళ్లు నల్లగా ఉన్నాయి. పక్కన మా ఆవిడ పెన్నుతో గుండ్రంగా చుట్టి "చూశావా" అని రాసింది.

మర్నాడు రాత్రి మళ్లీ నాలుగుసార్లు లేచింది.